అరవై ఆరు దగ్గర వంపు

మా గుంపులో విడతకొక మూగ ఉండాలి. అది మా మామయ్య పెట్టిన నియమం. ఆ విడత మూగని నేను.

మూగ అంటే నోరు పడిపోయిన మనిషి కాదు. మా పని ఆకాశంలోంచి వచ్చే రేడియో గోలని వినడం. రేడియో స్టేషన్లకీ మనుషులకీ దూరంగా, గడ్డి కూడా సరిగ్గా మొలవని ఒక ఎత్తయిన చదును మీద, మంచమంత లోహపు బల్ల ఒకటి పెట్టాం. అదే మా యాంటెన్నా. విశ్వం పుట్టిన కొత్తల్లో మొట్టమొదటి నక్షత్రాలు వెలిగినప్పుడు, చుట్టూ ఉన్న హైడ్రోజన్ వాయువు కాసింత రేడియో వెలుగుని మింగి ఉంటుందని లెక్కలు చెబుతాయి. ఆ మింగిన గుర్తు ఈనాటికీ ఆకాశపు గోలలో ఒక చిన్న వంపుగా మిగిలి ఉండాలి. గోల కొండంత, వంపు ఆవగింజంత. దానికోసం మామయ్య ముప్పై ఏళ్లు వెతికాడు, నేను పదకొండేళ్లు వెతికాను.

అంతగా వెతికేవాళ్లకి లేనిది కూడా కనబడుతుంది. ఇరవై ఏళ్ల కింద మామయ్య గుంపు వంపు దొరికిందని లోకమంతా చాటింపు వేసింది. ఆర్నెల్ల తర్వాత తెలిసిందేమిటంటే, అది ఆకాశంలోది కాదు, యాంటెన్నా కింద తడిసిన నేల వల్ల వచ్చింది. తల కొట్టేసినట్టయింది అందరికీ. ఆ తర్వాతే ఈ మూగ పద్ధతి వచ్చింది. ప్రతి విడత కొలతలు మొదలయ్యే ముందు చీటీలు తీస్తాం. చీటీ వచ్చిన మనిషి ఒంటరిగా ఒక గదిలో కూర్చుని నాణెం ఎగరేయాలి. బొరుసు పడితే ఏమీ చేయనక్కర్లేదు. బొమ్మ పడితే కొలతల్లో ఒక దొంగ వంపుని ఎవరికీ తెలియకుండా కలపాలి. కలిపిందీ లేనిదీ, కలిపితే ఎక్కడ ఎంత కలిపిందీ కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఇనప బీరువాలో దాచాలి. మిగతావాళ్లు లెక్కలన్నీ ముగించి, ఇక ఒక్క అంకె కూడా మార్చం అని సంతకాలు పెట్టాకే ఆ కవరు తెరుస్తారు. అప్పటిదాకా కవరు రాసిన మనిషి మూగ. మీటింగులకి రాకూడదు. గ్రాఫు చూసి మొహం ఏదోలా పెట్టకూడదు. కాఫీ దగ్గర కూడా పని మాట ఎత్తకూడదు. నా నోట్లో ఏదీ నానదని పేరు. అలాంటిదానికి రెండేళ్లు ఆ శిక్ష పడింది.

నాకు బొమ్మ పడింది.

ఎలాంటి వంపు కలపాలా అని ఒక పూటంతా ఆలోచించాను. లోకంలో ఇలాంటి వంపుల లెక్కలు వందున్నాయి. పేరున్నవాళ్లది తీసుకుంటే ఎవరైనా గుర్తుపట్టేస్తారు. అప్పుడు మామయ్య ముప్పై ఏళ్ల వయసులో రాసిన ఒక వ్యాసం గుర్తొచ్చింది. అందులో ఆయన వంపు అరవై ఆరు మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలని, లోతు నూట యాభై ఉండాలని చెప్పాడు. లోతుని మేం డిగ్రీలో వెయ్యో వంతుల్లో చెప్పుకుంటాం. ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒక వేలు నాది. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ కనిపెట్టరనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంత బద్ధకం, కొంత ప్రేమ. అమ్మ పోయాక ఏడేళ్లదాన్ని తీసుకొచ్చి పెంచిన మనిషి. ఆయన గీసిన వంపు రెండేళ్ల పాటు ఆకాశంలో ఉంటే ఏం పోయింది అనిపించింది. కంప్యూటర్లో నాలుగు అంకెలు కొట్టి, కవరు అంటించి, మూగనైపోయాను. రాసినవాడు ఒకడున్నాడని, వాడు చూస్తే ఏమవుతుందని నాకు తట్టలేదు. మామయ్య రిటైరై నాలుగేళ్లయింది. కొలతల జోలికి రావడమే మానేశాడు.

రెండో ఏడు చివర్లో మామయ్యకి ఊపిరితిత్తుల్లో గడ్డ అని తేలింది. డాక్టరు మూడు నెలలన్నాడు. అందులో సగం గడిచాక మా గుంపు పెద్ద ఆయన్ని చూడటానికి వెళ్లింది. ఆవిణ్ణి మేం మేడమ్ అనే అంటాం. ఉత్త చేతులతో వెళ్లలేక సగం తయారైన గ్రాఫు ఒకటి అచ్చు వేయించి పట్టుకెళ్లింది. మామయ్య లెక్కల్లో లేడు కాబట్టి ఆయనకి చూపిస్తే నియమం తప్పినట్టు కాదు. మనిషి మంచిది. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అత్తయ్య తలుపు తీసింది. ఆవిడ మొహంలో నవ్వు చూసి నెలన్నర దాటింది.

"రావే రా. మీ మామయ్యకి దొరికిందటే!"

"ఏం దొరికింది?"

"ఏమో నాకేం తెలుసు, మీ వంకర గీత. పొద్దున్నుంచి అదే చూసుకుంటున్నారు. నన్ను పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు. అన్నం కూడా అడిగి పెట్టించుకున్నారు."

మామయ్య మంచం మీద, వీపు వెనక మూడు దిండ్లతో కూర్చుని ఉన్నాడు. ముక్కులోకి ఆక్సిజన్ గొట్టం. మోకాళ్ల మీద అట్ట, అట్ట మీద ఆ కాగితం. యాభై నుంచి డెబ్బై అయిదు దాకానే ఉంది గ్రాఫు, ఆ పై కొలతల్లోంచి గోల తీసి శుభ్రం చేయడం ఇంకా కాలేదు. అరవై ఆరు దగ్గర నా దొంగ వంపు గిన్నెలా దిగి, మళ్లీ ఎక్కి, కుడి అంచున చదునైంది. మొహం మీదకి ఏమీ రానివ్వకూడదని పళ్లు బిగపట్టుకున్నాను.

"చూశావా?" అన్నాడు మామయ్య.

"నేను చూడకూడదు మామయ్యా. మూగని కదా."

"అవును కదూ. మర్చేపోయాను." కాగితాన్ని బోర్లా తిప్పాడు. "నీ మొహం కూడా చూడకూడదు నేను. అటు తిరిగి కూర్చో."

ముగ్గురం నవ్వాం. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వాను.

తర్వాత మూడు వారాలు నరకం. ఆ గ్రాఫులో ఉన్నది దొంగ వంపు అయ్యే అవకాశం సగం ఉందని మామయ్యకి తెలియనిది కాదు. చూడటానికొచ్చిన వాళ్లతో "కవరు తెరవాలి, కవరు తెరిచేదాకా ఏమీ చెప్పలేం" అనేవాడు. కానీ అంటున్నప్పుడు కళ్లు మెరిసేవి. ఎవరికైనా అంతే, సగం సగం అన్నది నోటికే తెలుస్తుంది, మనసుకి తెలియదు. పైగా అది ఆయన వంపు. లోకంలో ఎవరూ ఖాతరు చేయని తన వ్యాసంలోని వంపు, అదే చోట, అదే లోతున ఆకాశంలో కనబడితే ఏ మనిషి తట్టుకుంటాడు? నా అంతట నేనే, ఏరి కోరి, ఆయనకి సరిగ్గా సరిపోయే అబద్ధాన్ని కుట్టిపెట్టాను.

కవరు తెరవడానికి ఇంకా రెండు నెలలుంది. మామయ్యకి అంత సమయం లేదు. చెబితే నియమం పోతుంది, మనిషి కుంగిపోతాడు. చెప్పకపోతే నేను చేసిన దొంగబొమ్మని గుండెకి హత్తుకుని వెళ్లిపోతాడు. జీవితమంతా లేనిదాన్ని ఉందని అనకూడదని గొంతు చించుకున్న మనిషి. బస్సులో కూర్చుని ఏడ్చేదాన్ని. ఇంటి ముందు దిగి ముక్కు తుడుచుకుని లోపలికెళ్లేదాన్ని.

ఒకరోజు అత్తయ్య వంటింట్లో నన్ను గోడకి నొక్కినంత పని చేసింది.

"నిజం చెప్పు. ఆ కవరులో ఏముందో నీకు తెలుసు కదా?"

"అత్తయ్యా, నేను..."

"వద్దు. చెప్పకు. నాకు చెప్పకు, ఆయనకి అసలు చెప్పకు. ఆయన నవ్వుతున్నారు. నువ్వు నోరు తెరిచావో, నేను నీకు అత్తయ్యనే కాదు."

ఆ వారంలోనే మామయ్య తన పాత నోటుబుక్కు తెమ్మన్నాడు. ఆఫీసు స్టోర్ రూములో అట్టపెట్టె అడుగున ఉంది, నీలం అట్టది. పెద్ద వ్యాసం రాయబోతున్నాడు, నా దొంగ వంపు మీద ఆఖరి వ్యాసం రాసి పోతాడు అనుకున్నాను.

నోటుబుక్కు ఇచ్చిన రోజు అత్తయ్య మందుల షాపుకి వెళ్లింది. మామయ్య ఒక పేజీ తెరిచి నాకు చూపించాడు. ఒక లెక్క మధ్యలో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది.

"ఇది చదువు."

చదివాను. ఆ వ్యాసంలోని లెక్కే. గుండ్రం పక్కన అదే ఎర్ర సిరాతో ఒక వర్గమూలం గుర్తు. కింద కొత్త జవాబు. ఎనభై రెండు, నలభై.

"వర్గమూలం వేయడం మర్చిపోయాను," అన్నాడు మామయ్య. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "వ్యాసం వచ్చిన రెండేళ్లకి చూసుకున్నాను. వంపు ఎనభై రెండు దగ్గర ఉండాలి. లోతు నలభై. అప్పటికి ఆ వ్యాసం చూసే నాకిక్కడ ఉద్యోగం ఇచ్చారు. దిద్దుబాటు రాద్దామనుకున్నాను. సిగ్గేసింది. ఉద్యోగం ఇచ్చినవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ చదవలేదు కదా, ఎవరికి నష్టం అనుకున్నాను."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది.

"అంటే మేడమ్ ఆ కాగితం తెచ్చిన రోజే..."

"చూసిన నిమిషంలోనే తెలిసింది. ఆకాశానికి నా తప్పు కాపీ కొట్టాల్సిన ఖర్మేంటే?" నవ్వబోయి దగ్గాడు. "మన గుంపులో ఆ వ్యాసం చదివినదానివి నువ్వొక్కదానివే. ఆ రోజు అటు తిరిగి కూర్చోమన్నది అందుకే. నీ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చేలా ఉంది."

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మూడు వారాలు ఆయన నాకోసం నటించాడు. నేను ఆయనకోసం నటించాను. అత్తయ్య ఒక్కతే నిజంగా సంతోషపడింది.

"తప్పయిపోయింది మామయ్యా. నీది పెడితే బావుంటుందనుకున్నాను."

"బావుంది. ఎంత బావుందో నీకు తెలీదు. ఒక్క నిమిషం, తప్పు సంగతి గుర్తురాక ముందు, ఒక్క నిమిషం నమ్మాను." నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి బరువే లేదు. "ఇప్పుడు నాకొక పని చేసిపెట్టు. నీది తీసేసి చూడు. కింద ఏముందో చూసి నాకు చెప్పు."

"నియమం పెట్టింది నువ్వు!"

"నేనే. అందుకే నిన్ను అడగడానికి మూడు వారాలు పట్టింది. నేను ఎవరికి చెప్తాను? ఎన్నాళ్లు చెప్తాను? ముప్పై ఏళ్లు వెతికానే. ఉందో లేదో తెలుసుకుని పోతాను."

"మరి అత్తయ్యకి?"

"అత్తయ్యకి నేను చెప్తాలే."

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, మిగతావాళ్లు మీటింగులో ఉండగా, నా గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో మా కంప్యూటర్ దానంతటదే రాసుకుంటుంది. ఆ సంగతి తెలిసే తెరిచాను. డెబ్బై అయిదు పైన ఉన్న సగం కూడా ఆ వారమే శుభ్రం చేసి పెట్టారు. మొత్తం కొలతల్లోంచి నేను కలిపిన అంకెల్ని తీసేశాను. గీత తెర మీదకి వచ్చింది. యాభై నుంచి వంద దాకా, చదును. సన్నగా వణుకుతున్న చదును. అరవై ఆరు దగ్గర ఏమీ లేదు, ఎనభై రెండు దగ్గర ఏమీ లేదు. తప్పేమైనా చేశానేమోనని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే.

మూడోసారి తెర వైపు చూస్తుంటే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. అంత పెద్ద ఆకాశం, ఒక ముసలాయనకి నలభై లోతు వంపు ఇవ్వలేకపోయింది.

దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. మామయ్య నేను గుమ్మంలో అడుగు పెట్టగానే దిండ్ల మీంచి లేవబోయాడు.

"ఉంది మామయ్యా," అన్నాను. "ఎనభై రెండు దగ్గర ఉంది."

ఆయన మొహం ఎలా వెలిగిందో నేను చచ్చేదాకా మర్చిపోను.

"లోతెంత?"

నా నోటికి వచ్చిన అంకె, రెండేళ్లుగా లోపల దాచుకున్న అంకె, అదే బయటికొచ్చింది. "నూట యాభై."

మామయ్య అట్ట మీంచి మేడమ్ తెచ్చిన కాగితం తీసుకున్నాడు. కుడి అంచు మీద బొటనవేలు పెట్టి, వేలి వెడల్పుతో కొలుచుకుంటూ లోపలికి జరిపాడు. తర్వాత కాగితం నాకు చూపించాడు.

"ఎనభై రెండు దగ్గర అంత లోతుంటే, దాని ఒడ్డు డెబ్బై దగ్గర్నుంచే జారాలి. ఈ అంచు చూడు. బల్లలా ఉంది."

నేను కాగితం వైపు చూడలేదు.

"నలభై అని ఉంటే నమ్మేవాణ్ణి," అన్నాడు మామయ్య. "నువ్వు మూగగా ఉన్నప్పుడే నయం. ఇప్పుడు సరిగ్గా చెప్పు."

"ఏమీ లేదు. అంతా చదును."

"ఎంత వరకు చదును?"

"లోతు పదిహేను దాటిన వంపేదీ లేదు."

"పదిహేను." కళ్లు మూసుకుని లెక్క వేసుకున్నాడు. పెద్ద లెక్కేం కాదు. పదిహేను కంటే నలభై పెద్దది, అంతే. "అయితే దిద్దుకున్నది కూడా తప్పేనన్నమాట." కళ్లు తెరిచి, "మంచి కొలత. పదిహేను దాకా దిగారంటే మంచి కొలత. మేడమ్‌కి చెప్పు. అంటే, తర్వాత చెప్పు," అన్నాడు.

నోటుబుక్కులో మడత పెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మూడు వాక్యాల దిద్దుబాటు. తాను మరిచిపోయింది ఏమిటో, సరైన జవాబు ఏమిటో, ఇన్నేళ్లు చెప్పనందుకు చింతిస్తున్నానని. దాన్ని వ్యాసం వచ్చిన పత్రికకే పంపమన్నాడు. ఆపైన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్తయ్య పళ్లెం తెస్తే వద్దన్నాడు. సాయంత్రమూ వద్దన్నాడు.

"ఏం చెప్పావే ఆయనకి?" అని అత్తయ్య గుమ్మం దాకా వచ్చి నన్ను అడిగింది. నేను చెప్పులేసుకుంటూ తల అడ్డంగా ఊపాను. నాలుగో రోజు మధ్యాహ్నం మామయ్య పోయాడు.

రెండు నెలల తర్వాత అందరూ సంతకాలు పెట్టి కవరు తెరిచారు. అరవై ఆరు, నూట యాభై అని మేడమ్ పైకి చదవగానే గదిలో ఎవరో కుర్చీ వెనక్కి తోశారు. తీసేసి చూస్తే చదును. తర్వాత మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, కంప్యూటర్ రాసుకున్న చిట్టాని నా ముందు పెట్టింది. తేదీ, తొమ్మిది గంటల నాలుగు నిమిషాలు, నా పేరు.

"నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు మేడమ్."

"ఆయన అడిగారా?"

"అడిగారు."

"విని ఏమన్నారు?"

"ఎంత వరకు చదును అని అడిగారు."

మేడమ్ కళ్లద్దాలు తీసి చీర అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. మా వ్యాసంలో ఒక వాక్యం చేరింది: ఈ విడతలో కవరు రాసిన వ్యక్తి గడువుకి ముందే ఫలితం చూడటం జరిగింది. పేరు వేయలేదు. ఇక మీదట చీటీల్లో నా పేరు కూడా వేయరు. అది న్యాయమే.

మామయ్య దిద్దుబాటు పత్రికలో ఆఖరి పేజీలో వచ్చింది. దాన్ని అచ్చు వేసుకుని బ్యాగులో పెట్టుకుని అత్తయ్య ఇంటికి వెళ్లాను. మామయ్య పోయాక ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన ఆవిడకి చెప్పి ఉంటాడు, అందుకే ఈ కోపం అనుకున్నాను. ఇద్దరం కూర్చుని ఆ మూడు వాక్యాలు చదువుకుంటే ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుందని ఆశపడ్డాను.

తలుపు తీసి ఆవిడే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మామయ్య మంచం తీసేశారు. మంచం ఉన్న చోట గోడ మీద ఫ్రేము కట్టించిన గ్రాఫు ఉంది. మేడమ్ తెచ్చిన కాగితమే. కుడి అంచున మామయ్య బొటనవేలి మరక, మధ్యలో అరవై ఆరు దగ్గర గిన్నెలా దిగిన వంపు.

"నిన్న కట్టించుకొచ్చాను," అంది అత్తయ్య. "వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాను, ఇది మా ఆయన కనిపెట్టిందని. పోయే ముందు రోజు కూడా చేతిలోంచి వదల్లేదు. నేనే నీ మీద ఊరికే కోపం పెట్టుకున్నాను. ఆకలి పోవడం జబ్బు వల్లేగా, నువ్వేం చేస్తావు."

ఆవిడ చీర కొంగుతో అద్దం తుడిచింది. మామయ్య ఆవిడకి చెప్పలేదు. చెప్తాలే అని నాతో అని, ఆ నాలుగు రోజులూ గోడ వైపు తిరిగి పడుకుని, చెప్పకుండానే వెళ్లిపోయాడు.

"ఇంతకీ కవరు తెరిచారా?"

"తెరిచారు అత్తయ్యా."

"ఏమైంది మరి? ఏమే, మాట్లాడవేం? ఆ బ్యాగు ఎందుకలా పట్టుకున్నావు, ఏముంది అందులో?"

కవరు తెరిచేశారు. నాకు ఏ నియమమూ అడ్డం లేదు. ఆవిడ చేతిలో కొంగు ఇంకా అద్దం మీదే ఉంది.

"ఆఫీసు కాగితాలు," అన్నాను.